క్వార్టర్ ఫైనల్‌కు వచ్చిన చుట్టం

ఇమ్మానుయేలు ఇంట్లో ఫలానా కూర వండమని నోరు తెరిచి అడిగిన పాపాన ఎప్పుడూ పోలేదు. పెట్టింది తినడం, బాగుందనడం, చెయ్యి కడుక్కోవడం. పెళ్లయిన నాటి నుంచీ అదే పద్ధతి. అటువంటి మనిషి ఆ డిసెంబరు సాయంత్రం లోకో షెడ్డు నుంచి వస్తూనే, సైకిలుకు స్టాండైనా సరిగా వెయ్యకుండా వంటింట్లో దూరి, "మార్తా, రేపటి సంది మనింట్ల పూటపూటకు బగారన్నం, మాంసం కూర ఉండాలె" అనేసరికి మార్తమ్మ చేతిలోని గరిట గాలిలోనే ఆగిపోయింది.

ఆమె దగ్గరికొచ్చి అతని నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

"జొరం గిట్ల లేదే!"

"జొరమేందే? చుట్టమొస్తాండు."

"మీ దిక్కా, మా దిక్కా?"

"ఖరగ్‌పూర్ దిక్కు."

మార్తమ్మ పరకాలలోని తనవాళ్లందరినీ, మరిపెడలోని అతనివాళ్లందరినీ మనసులో వరసగా నిలబెట్టి చూసుకుంది. ఖరగ్‌పూర్ దాకా పోయిన మొనగాడు ఒక్కడూ కనిపించలేదు.

"చుట్టమంటే నెత్తురు చుట్టం గాదు," అంటూ ఇమ్మానుయేలు కిటికీలోంచి బయటికి చూశాడు. "ఫుట్‌బాల్ ఆడనీకి వస్తాండు. రెస్ట్ హౌసుకు సున్నాలేస్తాన్రు గద, అందుకని బయటి జట్టోళ్లను మేమే తలా ఒకరిని ఇండ్లల్ల పెట్టుకుంటానం. పాపం, ఇంటి తిండి దొరకని పిల్లగాడు. ఆడేటోనికి బలం గావాలె."

"ఎవల మీద ఆడుతడు?"

"మా మీదనే."

"మీ మీద ఆడేటోనికి బలం నేను పెట్టాల్నా?"

"గదేం మాటే? మొన్న ఆదివారం పాస్టరుగారు చుట్టాల మర్యాద గురించి గంటసేపు చెప్పలే?"

"ఆ గంటసేపు నువ్వు గురక పెడ్తివి. ఏం చెప్పిండో నీకెట్ల ఎర్క?"

దెప్పడమైతే దెప్పింది. అయినా మార్తమ్మ పెద్ద గిన్నె అటక మీంచి దించింది. ఇంటికి మనిషి వస్తున్నాడంటే ఆమె చేతులు ఆమె మాట వినవు. ఇమ్మానుయేలు పథకమంతా ఆ చేతుల మీదే ఆధారపడి ఉంది.

ఆ ఏడు, అంటే డెబ్బై ఎనిమిదిలో, కాజీపేట జంక్షన్ జట్టు అఖిల భారత నాకౌట్ కప్పులో క్వార్టర్ ఫైనల్ దాకా వచ్చింది. ఎలా వచ్చారని అడిగితే మాత్రం ఆ జట్టువాళ్లే కాస్త నీళ్లు నమిలేవారు. నాకౌట్ అంటే ఓడినవాడు ఇంటికి, గెలిచినవాడు ముందుకి. మొదటి రౌండులో నాందేడ్ వాళ్లను ఒక్క గోలుతో నిజంగానే గెలిచారు. రెండో రౌండులో మ్యాచు తిరగాడించినా ఇరుపక్షాలా గోలు పడక, రెఫరీ విసిగిపోయి రూపాయి బిళ్ల ఎగరేస్తే, కెప్టెన్ యాకయ్య కళ్లు మూసుకుని "బొమ్మ" అన్నాడు. బొమ్మే పడింది. మూడో రౌండులో అవతలి జట్టు ఎక్కిన రైలుకు దారిలో ఇంజను చెడింది. రైలు ఆలస్యమైనందుకు రైల్వేవాళ్లు పండగ చేసుకున్నది చరిత్రలో ఆ ఒక్కరోజే.

ఆ జట్టుకు గోల్‌కీపరు ఇమ్మానుయేలు. షెడ్డులో ఫిట్టరు. వయసులో ఉన్నప్పుడు అందరూ అతన్ని 'గేటు' అనేవారు. గేటు పడిందంటే బంతే కాదు, గాలి కూడా దాటదని. నలభై దగ్గర పడేసరికి పేరు మిగిలింది కానీ, గేటు సగంలోనే ఆగిపోతోందని గ్రౌండులో గుసగుసలు మొదలయ్యాయి. పైగా భాస్కర్ అని కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడొకడు బంతి కోసం పిల్లిలా ఎగురుతున్నాడు.

జట్టు సెక్రటరీ వీరభద్రం మెడలో ఎప్పుడూ విజిలు వేలాడుతుంటుంది. ఇంట్లో చాయ్ కావాలన్నా ఊదుతాడని ప్రతీతి. ఆయన ఇమ్మానుయేలును పక్కకు పిలిచి తేల్చి చెప్పాడు: "ఇది గెలిస్తే సెమీఫైనల్ బొంబాయిల. గోలుల నువ్వే ఉంటవ్. ఓడితే మాత్రం గ్లౌజులు భాస్కర్‌కిచ్చి వచ్చి నా పక్కన కుర్చీల కూసో."

ఆ రాత్రి నుంచి ఇమ్మానుయేలుకు కళ్లు మూస్తే కుర్చీయే కనిపించసాగింది.

దానికి తోడు ఖరగ్‌పూర్ సెంటర్ ఫార్వర్డ్ దాలినాయుడి గురించి వచ్చే కబుర్లు. వాడు కొట్టిన బంతికి ఒక ఊళ్లో వల తెగిందని, ఇంకో ఊళ్లో గోలీ మణికట్టు విరిగిందని, మూడో ఊళ్లో గోలీ బంతిని చూసి తనే పక్కకు తప్పుకున్నాడని. మూడోవాడే తెలివైనవాడని ఇమ్మానుయేలుకు అనిపించింది.

అప్పుడు పుట్టింది పథకం. దాన్ని ఒక్క యాకయ్యకే చెప్పాడు, షెడ్డు బయట చాయ్ హోటల్లో, గొంతు తగ్గించి.

"మా మార్త చేతి బువ్వ తిని జల్ది లేచినోడు లేడు యాకన్నా. మొన్న మా తోడల్లుడు తిని ప్లాట్‌ఫారం మీద కూసున్నడు. ఆయన ఎక్కాల్సిన రైలు కండ్ల ముందటనే పోయినా లేవలే. ఆ దాలినాయుడును నా ఇంటికి తోలు. మిగిలింది మార్త చూసుకుంటది."

"వదినెకు ఎర్కనా?"

"చెప్తే వండుతదా?"

మరునాడు సాయంత్రం దాలినాయుడు రానే వచ్చాడు. ఇమ్మానుయేలు గడప నిండే మనిషిని ఊహించుకున్నాడు. వచ్చినవాడు మునక్కాయకు చొక్కా తొడిగినట్టున్నాడు. చేతిలో రేకు పెట్టె, ముఖం నిండా నవ్వు. మార్తమ్మను చూసి వంగి, "దండాలప్పా!" అన్నాడు.

"ఉన్నయి తమ్మీ, ఉన్నయి. ఇప్పుడే పొయ్యి మీదికెల్లి దించిన," అని మార్తమ్మ పరుగున పోయి పళ్లెం నిండా బియ్యప్పిండి సర్వప్ప ముక్కలు తెచ్చి పెట్టింది. లోపలికి వెళ్తూ భర్త చెవిలో, "వచ్చుడు వచ్చుడే అప్పలడుగుతాండు. మస్తు ఆకలి మీదున్నడు" అంది.

దాలినాయుడు తికమకపడి, తరువాత పడీపడీ నవ్వాడు. "అప్పంటే తినేది కాదప్పా! మా సికాకోలం వైపు అక్కని అప్ప అంటాం. మా తాత ఖరగ్‌పూర్ వచ్చి రైల్లో పన్జేసినా మాట మారనేదు. మా అప్పని పలాస ఇచ్చీసినారు. చూసి చాన్నాళ్లయిపోనాది. నువ్వు అచ్చం అలాగే ఉన్నావు." తరువాత ఇమ్మానుయేలు వైపు తిరిగి, "మరి నువ్వు నాకు బావవి!" అన్నాడు.

మార్తమ్మకు తోడబుట్టినవాళ్లంతా ఆడపిల్లలే. ఇన్నేళ్ల తరువాత ఒక తమ్ముడు దొరికాడు. ఆమె లోపలికి పోయి ఇంకో కిలో ఉల్లిగడ్డలు ముందేసుకుంది. ఇమ్మానుయేలు లోలోపల చంకలు గుద్దుకున్నాడు.

రాత్రి భోజనాల దగ్గర ప్రార్థన ఇమ్మానుయేలే చేశాడు. "ప్రభువా, ఈ ఆహారమును ఆశీర్వదించుము. మా అతిథి కడుపులో దీనిని స్థిరముగా నిలుపుము. ఎల్లుండి సాయంత్రము వరకు కదలనీయకుము..."

మార్తమ్మ ఒక కన్ను తెరిచి చూసింది. ఇమ్మానుయేలు గబగబా ఆమెన్ అనేశాడు.

దాలినాయుడు తినడం మొదలుపెట్టాడు. బగారన్నం తిన్నాడు. బొక్కల కూర తిన్నాడు. మళ్లీ బగారన్నం తిన్నాడు. పచ్చిపులుసు గ్లాసులో పోయించుకుని తాగాడు. ఇమ్మానుయేలు తృప్తిగా చూస్తూ చెయ్యి కడుక్కోబోయాడు.

"ఏందది?" అంది మార్తమ్మ. "చుట్టం విస్తరి ముందట కూసోనుంటే ఇంటాయన లేస్తడా? మర్యాద మర్యాద అని నాకు చెప్పింది నువ్వే గద?"

ఇమ్మానుయేలు మళ్లీ కూచున్నాడు. ఆమె మళ్లీ వడ్డించింది. అతిథి ఆపితే తాను ఆపొచ్చు. అతిథి ఆపలేదు.

తెల్లవారుజామున కడుపు పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లిన ఇమ్మానుయేలుకు, మంచులో గ్రౌండు చుట్టూ ఎవరో జింకలా పరుగెత్తుతూ కనిపించారు. వీధి చివరి దాకా వచ్చి ఆ ఆకారం చెయ్యి ఊపింది. "బావా! లేచీసినావా? రా, పరిగెడదాం!"

ఇమ్మానుయేలు కిటికీ మూసేశాడు.

పగలంతా షెడ్డులో అతనికి పని మీద మనసు నిలవలేదు. సాయంత్రం ప్రాక్టీసులో భాస్కర్ గోల్‌లో నిలబడి రెండు చేతులా బంతులు పడుతుంటే వీరభద్రం చప్పట్లు కొట్టాడు. ఆ చప్పుడు ఇమ్మానుయేలు గుండెల్లో మోగింది. యాకయ్యేమో ప్రాక్టీసుకు ఆలస్యంగా వచ్చాడు. "మీ ఇంటికెల్లే వస్తాన. మందు పనిచేసిందా అని చూసొద్దామని పోయిన," అన్నాడు తల గోక్కుంటూ. ఇమ్మానుయేలు చూపంతా భాస్కర్ మీదే ఉంది. ఆ మాటను పట్టించుకోలేదు.

ఇంటికి వెళ్లేసరికి దాలినాయుడు నల్లా దగ్గర నుంచి నీళ్లు మోస్తున్నాడు. కిరసనాయిలు స్టవ్వుకు కొత్త వత్తులు వేసి ఉన్నాయి. మార్తమ్మ గడపలో నిలబడి భర్తను పైనుంచి కింది దాకా ఒకసారి చూసింది.

"రేపు మ్యాచు గద. పొద్దుగాల పోయి తలకాయ, కాళ్లు పట్టుకరా. గారెలు గూడ చేస్త. నువ్వు చెప్పినదానికంటె ఎక్కువే చేస్త," అంది.

అడక్కుండానే ఇంత అనుకూలంగా మాట్లాడిన భార్యను చూసి ఏ మగవాడైనా జాగ్రత్తపడాలి. ఇమ్మానుయేలు మాత్రం సంబరపడ్డాడు.

మ్యాచు రోజు మధ్యాహ్నం వాకిట్లోకే వాసన కొట్టింది. తలకాయ కూర, కాళ్ల పులుసు, గారెలు, బగారన్నం, చివర్న పరమాన్నం. ఇమ్మానుయేలు చేతులు రుద్దుకుంటూ పీట మీద కూచున్నాడు. దాలినాయుడు ఎదురుగా కూచున్నాడు. మార్తమ్మ దాలినాయుడి ముందు ఒక గిన్నె పెట్టింది. అందులో మక్కజొన్న రవ్వ ఉడికించి పలచటి మజ్జిగలో కలిపిన గట్క.

"ఇదేంది?" అన్నాడు ఇమ్మానుయేలు.

"తమ్మునికి కడుపుల మంటంట."

"అవును బావా, మంటే," అన్నాడు దాలినాయుడు గిన్నెలోకి చూస్తూ.

మిగిలినదంతా వచ్చి ఇమ్మానుయేలు పళ్లెంలో పడింది. అతను రెండు చేతులూ పళ్లెం మీద అడ్డం పెట్టాడు.

"నాకిన్ని వద్దే."

"ఎందుకొద్దు?"

"మ్యాచున్నది గద."

"ఉంటే?"

"గింత తింటే..."

"తింటే ఏమైతది?" మార్తమ్మ అతని ఎదురుగా కూచుంది. "ఆడేటోనికి బలమంటివి. తమ్మునికి పెట్టుమంటివి. నువ్వు ఆడవా?"

"ఆడుత. కని..."

"బరువైతదా?"

"బరువని గాదు..."

"కండ్లు మూతలు పడ్తయా?"

ఇమ్మానుయేలు ఏమని చెప్పగలడు? అవునంటే పథకం తనంతట తానే బయటపెట్టుకున్నట్టు. కాదంటే తినాలి. ఎదురుగా దాలినాయుడు తల ఎత్తకుండా గట్క తాగుతున్నాడు. వాడి భుజాలు మాత్రం కొద్దిగా కదులుతున్నాయి.

"తింట," అన్నాడు ఇమ్మానుయేలు. తిన్నాడు. గారె మీద గారె, తునక మీద తునక. పరమాన్నం దగ్గర అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కారమైందా?" అంది మార్తమ్మ.

"పరమాన్నమే అది."

"అయితే ఇంకింత వేసుకో."

రైల్వే గ్రౌండు చుట్టూ జనం నిలబడ్డారు. గూడ్సు బండి డబ్బాల మీద కూడా ఎక్కారు. తాడు పక్కన ఆడవాళ్ల గుంపులో మార్తమ్మను చూసి ఇమ్మానుయేలు ఉలిక్కిపడ్డాడు. పెళ్లయిన కొత్తలో ఒకసారి ఆటకొచ్చింది. ఆ రోజే బంతి తగిలి అతని చిటికెన వేలు విరిగి వంకరపోయింది. ఆమె మళ్లీ గ్రౌండు మొహం చూడలేదు.

ఆట మొదలైంది. ఇమ్మానుయేలు వంగబోయి, వంగలేక నిలబడ్డాడు. ఎగరడమనే మాటే మరిచిపోయాడు. ఖరగ్‌పూర్ వాళ్లు అలల్లా వచ్చి పడుతున్నారు. మొదటి బంతి తుపాకీ గుండులా వచ్చి సరిగ్గా అతని కడుపుకు తగిలి బయటికి పోయింది. జనం "గేటూ!" అని అరిచారు. రెండో బంతి ఛాతీకి తగిలింది. మూడోది ఎటు వచ్చిందో అతను చూడనే లేదు, మోకాలికి తగిలి యాకయ్య కాళ్ల దగ్గర పడింది. పక్కలకు దూకే గోలీని చూసి అలవాటుపడ్డవాళ్లకు, కదలని గోలీతో ఏం చెయ్యాలో తోచలేదు.

సగం ఆటకు గోల్సు లేవు. వీరభద్రం వచ్చి వీపు తట్టాడు. "శబాష్! ఏం నిలబడుడయ్యా! పాతిన గుంజ లెక్క!" ఆ తట్టుకు తలకాయ కూర గొంతు దాకా వచ్చి వెనక్కి వెళ్లింది. ఇమ్మానుయేలు నీళ్లు కూడా తాగలేదు.

రెండో సగంలో కాజీపేటకూ ఊపు వచ్చింది. ఒక బంతి ఖరగ్‌పూర్ గోలు కర్రకు తగిలి వెనక్కి వచ్చింది. జనం ఊపిరి బిగబట్టారు. ఎండ వాలింది. రెఫరీ గడియారం వైపు చూసుకుంటున్నాడు. రూపాయి బిళ్ల జేబులోనే ఉండి ఉంటుందని ఇమ్మానుయేలుకు ఆశ పుట్టింది. యాకయ్య ఇంకోసారి బొమ్మ అంటే చాలు, బొంబాయి.

సరిగ్గా అప్పుడే తమ గోలు ముందు పైకి లేచిన బంతిని యాకయ్య తలతో కొట్టబోయి, తల అందక, చేత్తో కొట్టాడు.

విజిలు మోగింది. పెనాల్టీ.

దాలినాయుడు బంతి తెచ్చి గుర్తు మీద పెట్టాడు. ఇమ్మానుయేలు గోలు గీత మీద నిలబడి చేతులు చాచాడు. కళ్ల ముందు కుర్చీ కనిపించింది. దాని పక్కన విజిలు కనిపించింది.

దాలినాయుడు నడుం మీద చేతులు పెట్టుకుని అతనికి మాత్రమే వినిపించేట్టు అన్నాడు: "బావా, నీ ఎడమ పక్కకి కొడతాను."

ఇమ్మానుయేలు బుర్ర గిర్రున తిరిగింది. ఎడమంటున్నాడు. ఎడమకు దూకించాలని చూస్తున్నాడు. అంటే కొట్టేది కుడికి. కాదు, తాను అలా అనుకుంటానని వాడికి తెలిసుంటే? అయినా పెనాల్టీ కొట్టేవాడు గోలీకి నిజం చెప్తాడా ఎక్కడైనా? నా చేతిలో అలాంటి అవకాశమే ఉంటే నేను చెప్తానా?

చెప్పడు. కుడే.

దాలినాయుడు పరుగెత్తుకొచ్చాడు. ఇమ్మానుయేలు ఆ రోజంతా దాచుకున్న బలమంతా కూడదీసుకుని, కడుపులోని సమస్తాన్నీ మోసుకుని కుడికి దూకాడు. బంతి ఎడమ పక్క వలలో మెత్తగా పడింది. అంత మెల్లగా పడిన బంతిని పసిపిల్లవాడైనా పట్టేవాడు.

కాసేపటికి ఆట ముగిసింది. ఒక గోలుతో కాజీపేట ఇంటికి, ఖరగ్‌పూర్ బొంబాయికి. వీరభద్రం విజిలు నోటి దాకా తేకముందే ఇమ్మానుయేలు గ్లౌజులు తీసి భాస్కర్ చేతిలో పెట్టాడు. ఆ కుర్రాడు ఏదో అనబోతే, "ఎగిరేటప్పుడు జర చూసుకో బిడ్డా" అని మాత్రం అని ఇంటిదారి పట్టాడు.

ఇంట్లో దాలినాయుడు పీట మీద కూచుని తలకాయ కూర తింటున్నాడు. మార్తమ్మ దగ్గరుండి వడ్డిస్తోంది.

"కడుపుల మంట తగ్గిందా?" అన్నాడు ఇమ్మానుయేలు.

"ఇప్పుడే తగ్గీసింది బావా," అన్నాడు దాలినాయుడు తల వంచుకుని.

మార్తమ్మ గరిట పక్కన పెట్టింది. "నిన్న మీ యాకయ్య వచ్చి, మందు పనిచేసిందా వదినా అన్నడు. ఏం మందంటే అంత కక్కిండు. నా చేతి బువ్వను ఎలుకలకు పెట్టే మందు లెక్క వాడుకుంటవా? నన్ను అప్పా అని పిలిచినోనికి నాతోటే పెట్టిపిస్తవా?"

ఇమ్మానుయేలు గోడకు ఆనుకుని కూలబడ్డాడు. "అందుకని నన్ను ఓడగొట్టినవా?"

"నేనెందుకు ఓడగొడత? నీకు గెలిచే దారే చూపిచ్చిన."

"ఏం చూపిచ్చినవ్?"

"పొద్దుగాలనే తమ్మునికి చెప్పిన. నీకు గోలు ముందట బంతి పెట్టి కొట్టే మోకా వస్తే, ఎటు కొడ్తవో మీ బావకు ముందుగాల చెప్పు, చెప్పిన దిక్కే కొట్టు, జోరుగ కొట్టకు, ఆయన వేలు విరుగుతది అన్న. మాటియ్యిమన్న. ఇచ్చిండు."

ఇమ్మానుయేలు దాలినాయుడి వైపు తిరిగాడు. "అయితే నేను ఎడమకు దుంకుతే..."

"పట్టీసేవోడివి బావా. అప్పకి మాటిచ్చీసినాను కదా, ఇంకో పక్కకి ఎలా కొడతాను? పట్టీస్తాడేమో అప్పా అని కూడా అడిగినాను."

"ఏమన్నది?"

దాలినాయుడు మార్తమ్మ వైపు చూశాడు. మార్తమ్మే చెప్పింది: "పట్టుకుంటే ఆయన అదృష్టం తమ్మీ, కని ఆయన నమ్మడు అన్న. ఇన్నేండ్ల సంసారం. నాకెర్క లేదా?"

ఇమ్మానుయేలుకు కోపం రావాలి. ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు. మార్తమ్మ వచ్చి పక్కన కూచుని, అతని చెయ్యి ఒళ్లోకి తీసుకుని వేళ్లన్నీ ఒక్కొక్కటిగా వంచి చూసింది. వంకర వేలు తప్ప మిగిలినవన్నీ తిన్నగానే ఉన్నాయి.

"సాలు," అంది. "ఇగ కుర్చీల కూసొని చూడు. నేను గూడ వచ్చి కూసుంట."

చీకటి పడుతుండగా ముగ్గురూ స్టేషనుకు నడిచారు. రేకు పెట్టె ఇమ్మానుయేలే మోశాడు. మార్తమ్మ గారెలు కట్టిచ్చింది. బండి కదిలాక దాలినాయుడు కిటికీలోంచి తల బయట పెట్టి అరిచాడు: "బావా! బొంబాయి నుంచి తిరిగొచ్చీటప్పుడు జట్టంతా మన ఇంట్లోనే దిగుతాం! వారం రోజులుంటాం!"

ఇమ్మానుయేలు చెయ్యి ఊపుతూ నవ్వాడు. "పోరడు మంచోడే. కని పరాచికాలెక్కువ."

మార్తమ్మ బండి వెనక దీపం కనుమరుగయ్యే దాకా చూసి, భర్త వైపు తిరిగింది.

"రేపు షెడ్డు నుంచి వచ్చేటప్పుడు ఒక బస్త బియ్యం ఏసుకరా," అంది.